హ్యాండిల్‌కు నాడా ఎక్కించిన కథ

దసరా సెలవులకు మా మనవడు నారాయణఖేడ్ వచ్చాడు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. వచ్చిన మర్నాడు పొద్దున్నే వాళ్ళ నాన్న పాత బుల్లెట్‌ను వాకిట్లో స్టాండు వేసి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. అరగంటైనా కదలడు.

"ఏందిరా, పెండ్లిచూపులా?" అన్నాను.

"కాదు తాతా, పేగులు చూస్తున్న."

నిజమే, పేగుల్లాగే ఉన్నాయి. ఎడమ స్విచ్ దగ్గర మొదలైన నల్ల తొడుగు ఒకటి, కుడి స్విచ్ నుంచి ఒకటి, బ్రేకు లైటు వైరు ఇంకొకటి. అన్నీ హ్యాండిల్ వెంబడి పాకుతూ వచ్చి హెడ్‌లైటు డూమ్‌లో దూరుతున్నాయి. మధ్యమధ్యన ప్లాస్టిక్ క్లిప్పులు. ఒక క్లిప్పు తెగితే నేనే ఎప్పుడో సుతిలి తాడుతో కట్టాను. వాడికి కడుపు మండింది ఆ సుతిలి చూసేనట. వైర్లన్నీ హ్యాండిల్ గొట్టం లోపల్నుంచి తీసుకుపోతే బయట ఏమీ కనబడదు, ఇప్పుడందరూ అట్లనే చేయించుకుంటున్నారు, ఫోన్లో చూడు అన్నాడు.

మా ఆవిడ చాయ్ పట్టుకొచ్చి, "కడుపుల ఉండాల్సినయి కడుపులనే ఉండాలె. మంచి పనే గద" అని తీర్పిచ్చేసింది. ఇంట్లో ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు. నేను ముప్పై ఏళ్ళు బళ్ళో సైన్సు చెప్పిన మనిషిని. ఎవరైనా ఏదైనా విప్పుతుంటే పక్కన కూర్చోకుండా ఉండలేను. అట్లా ఇద్దరం దిగాం.

ముందు గొట్టం సంగతి. హ్యాండిల్ గుండుకడ్డీ కాదు, బోలు గొట్టమని అందరికీ తెలుసు. ఎందుకు బోలుగా పెట్టారంటే మాత్రం "బరువు తగ్గడానికి" అని సగం జవాబే చెబుతారు. బుల్లెట్ హ్యాండిల్ బయటి అడ్డం 22 మిల్లీమీటర్లు. గోడ మందం సుమారు 2 అనుకుంటే లోపలి ఖాళీ 18. అదే 22 మిల్లీమీటర్ల గుండుకడ్డీతో పోలిస్తే ఈ గొట్టంలో ఉన్న ఇనుము మూడో వంతే. వంగకుండా నిలబడే బలం మాత్రం సగానికి పైనే, లెక్క వేస్తే 55 శాతం. మూడో వంతు ఖర్చుతో సగానికి పైగా పని. ఎందుకంటే కడ్డీని వంచినప్పుడు పైపొర సాగుతుంది, కింది పొర నలుగుతుంది. నట్టనడుమ ఉన్న ఇనుము దాదాపు ఊరికే కూర్చుంటుంది. కూర్చున్న వాళ్ళను ఇంటికి పంపించేస్తే గొట్టం మిగులుతుంది. గెలీలియో తన చివరి పుస్తకంలో, 1638లో, పక్షి ఎముకల గురించీ బోలు కాడల గురించీ ఈ మాటే రాశాడు. ఆయనకు మా వెదురు చూపిస్తే ఎంత సంబరపడేవాడో.

ఇంజనీర్లు ఇంటికి పంపించిన ఇనుము వదిలిపోయిన ఆ ఖాళీలోనే మనవడు వైర్లు పెడతానంటున్నాడు.

పడతాయా? లెక్కపెట్టాం. ఎడమ చేతి పక్కన హెడ్‌లైటువి మూడు, ఇండికేటర్లవి మూడు, హారనువి రెండు. కుడి చేతి పక్కన ఇంజను ఆపే స్విచ్, స్టార్టర్ బటన్, బ్రేకు లైటు, ఒక్కోదానికి రెండేసి. ఒక్కో వైరు తొడుగుతో సహా 2 మిల్లీమీటర్ల లావు అనుకుంటే, ఎనిమిది వైర్లు కలిపినా గొట్టం లోపలి జాగాలో పదో వంతు నిండుతుంది. "ఇంకేంది తాతా, బస్సులో సగం సీట్లు ఖాళీ" అన్నాడు.

"సీట్ల గురించి కాదురా, తలుపు గురించి ఆలోచించు" అన్నాను. బస్సు ఖాళీగా ఉన్నా అందరూ ఒక్క తలుపులోంచే ఎక్కాలి, ఒక్క తలుపులోంచే దిగాలి.

తలుపు దాకా పోయేముందు ఒక పాత సంగతి చెప్పాలి. వాడు ఇదేదో ఇప్పుడే పుట్టిన ఫ్యాషన్ అనుకుంటున్నాడు. మన దేశంలో లక్షల ఇళ్ళ ముందు వైర్లన్నీ లోపల దాచుకున్న హ్యాండిళ్ళు దశాబ్దాల పాటు నిలబడ్డాయి. అవే స్కూటర్లు.

ఇటలీలో 1946లో పియాజియో కంపెనీ వెస్పా తెచ్చింది. దాన్ని గీసిన కొరాడినో దస్కానియో అసలు విమానాల ఇంజనీరు, హెలికాప్టర్ల మనిషి. ఆయనకు మోటారు సైకిలంటే గిట్టదు. గొలుసూ నూనే కనబడి బట్టలు ఖరాబయ్యే బండి అని. మరుసటేడు ఇన్నోచెంటి అనే కంపెనీ లాంబ్రెటా తెచ్చింది. ఇన్నోచెంటి వాళ్ళ అసలు వ్యాపారం ఉక్కు గొట్టాలు! మొదటి బళ్ళలో వీళ్ళకూ కేబుళ్ళు బయటే వేలాడేవి. 1950ల చివరికి వచ్చేసరికి రెండు కంపెనీలూ హ్యాండిల్‌ను ఒక పెట్టెలా పోతపోసి, అన్నీ అందులో దాచాయి. మన దగ్గర బజాజ్ వాళ్ళు 1960లలో పియాజియో లైసెన్సుతో వెస్పాలు చేశారు. ఆ గడువు తీరాక 1972లో చేతక్ వచ్చింది. లాంబ్రెటా మెషినరీ ఇటలీ నుంచి లక్నోలోని ప్రభుత్వ కంపెనీకి, స్కూటర్స్ ఇండియాకు చేరింది. ఆ వంశంలోదే మన హైదరాబాద్ ఆల్విన్ పేరుతో తిరిగిన పుష్పక్. పేరుకు విమానమే, ఎక్కేది మాత్రం నలుగురు: ముందు ఒక పిల్లాడు నిలబడి, వెనక అమ్మ ఒళ్ళో ఇంకొకరు.

ఆ స్కూటరు హ్యాండిల్ లోపల ఏమేముండేవో చూడండి. ఎడమ పిడి తిప్పితే గేరు మారాలి, దానికి రెండు కేబుళ్ళు: ఒకటి ఇటు లాగడానికి, ఒకటి అటు లాగడానికి. క్లచ్‌ది ఒకటి. కుడి పక్క యాక్సిలేటర్‌ది ఒకటి, ముందు బ్రేకుది ఒకటి. మొత్తం ఐదు. వీటితోపాటు స్విచ్ నుంచి కరెంటు వైర్లు, మీటరు తాడు. నాలుగు కేబుళ్ళు ముందు షీల్డు చాటున దిగి, కాళ్ళ కింది సొరంగంలోంచి వెనక ఇంజను దాకా పోయేవి. బయటికి చూస్తే సాఫు. కాళ్ళకు నూనె అంటదు, పంచె ఇరుక్కోదు.

మరి కేబుల్ తెగితే?

నాకూ అప్పట్లో ఒక స్కూటరు ఉండేది. ఒక వానాకాలం సాయంత్రం బడి నుంచి వస్తుంటే గేరు వైరు తెగింది. తప్పు బండిది కాదు, ఏడాదిగా నూనె చుక్క వెయ్యని నాది. తోసుకుంటూ బజారులో మెకానిక్ షాపుకు తెచ్చాను. ఉస్తాద్ నమాజుకు పోయాడు. ఉన్నవాడు చోటూ, పన్నెండేళ్ళుంటాయేమో. వాడు హుషారుగా హ్యాండిల్ మూత విప్పి, తెగిన ఇన్నర్ తీగను అందుకుని, ఔటర్ తొడుగుతో సహా సర్రున మొత్తం బయటికి లాగి, నా చేతికిచ్చాడు. ఏదో విజయం సాధించినట్టు నవ్వాడు కూడా. ఉస్తాద్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. తర్వాత రెండు గంటలు ముగ్గురం కలిసి ఆ కొత్త తొడుగును సొరంగంలోకి గుచ్చుతూనే ఉన్నాం. పోతుంది, ఎక్కడో తగులుతుంది, వంకర తిరుగుతుంది, మళ్ళీ వెనక్కి. చీకటి పడ్డాక లాంతరు వెలుగులో దాని ముక్కు ఇంజను దగ్గర కనబడింది. అప్పుడు ఉస్తాద్ చోటూతో అన్న మాట నాకింకా గుర్తుంది: "పాతది పోయేముందే కొత్తదానికి తొవ్వ చూపియ్యాలె, బేటా." పాత దాని కొసకు కొత్తదాన్ని కట్టి, అటు నుంచి పాతది లాగితే, కొత్తది తనే దారి తెలుసుకుని వస్తుందన్న మాట.

ఈ కథ చెప్పాక మనవడు క్లచ్ కేబుల్ వైపు అదోరకంగా చూశాడు. వాడి ప్లాన్‌లో క్లచ్, యాక్సిలేటర్ కేబుళ్ళు కూడా లోపలికే. నేను వద్దన్నాను. సైన్సు అక్కడే రుచిగా ఉంటుంది.

కేబుల్ అంటే ఒక చిత్రమైన వస్తువు. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు బ్రేకు పని చేయించాలంటే ఎక్కువగా కడ్డీలే. మా రోజుల్లో రాడ్ బ్రేకు సైకిళ్ళు గుర్తున్నాయా? కడ్డీ మూల తిరగదు. మూల మూలకూ కీలు పెట్టాలి. బౌడెన్ కేబుల్ ఎన్ని వంకరలైనా తిరుగుతుంది. లోపల ఇన్నర్ లాగబడుతుంది, బయటి ఔటర్ అంతే బలంతో నొక్కబడుతుంది. ఒకరు లాగుతుంటే ఒకరు ఓర్చుకునే కాపురం. అయితే ప్రతి మలుపు దగ్గరా ఇన్నర్ ఔటర్ గోడకు ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడి ఎంత?

ఎద్దు తాడు చూడండి. బెదిరిన ఎద్దును మనిషి చేత్తో ఆపలేడు. అదే తాడును గుంజకు రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంటే పదేళ్ళ పిల్ల కూడా ఆపుతుంది. తాడుకూ కొయ్యకూ రాపిడి గుణకం 0.3 అనుకుంటే, ఒక చుట్టుకు బలం 6.6 రెట్లు. రెండు చుట్లకు? పదమూడు రెట్లు అనుకుంటారు. కాదు, 6.6ను 6.6తో గుణించాలి, 43 రెట్లు. కూడటం కాదు, గుణించటం. మన సేట్ల భాషలో బారు వడ్డీ కాదు, చక్రవడ్డీ. ఈ లెక్కను పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త తేల్చాడు.

గుంజ దగ్గర ఈ చక్రవడ్డీ మనకు మేలు చేసింది. కేబుల్ లోపల అదే కీడు చేస్తుంది. ఉక్కు తీగకు, నూనె పెట్టిన తొడుగుకు గుణకం 0.15 అనుకుందాం. ఒక లంబకోణం మలుపుకు వడ్డీ 27 శాతం. అవతల క్లచ్‌కు 10 కిలోల లాగుడు కావాలంటే ఇవతల 12.7 కిలోలు లాగాలి. రెండు మలుపులకు 16. మూడింటికి 20. నాలుగింటికి 25 దాటుతుంది. బయట వేలాడే కేబుల్ లీవరు నుంచి ఒక నిండు వంపుతో హాయిగా దిగిపోతుంది. అదే కేబుల్‌ను గొట్టంలో పెడితే లీవరు దగ్గర ఒకసారి లోపలికి తిరగాలి, హ్యాండిల్ వంకరలతోపాటు తిరగాలి, మధ్యలో బయటికి తిరగాలి, తర్వాత కిందికి తిరగాలి. చక్రవడ్డీ కట్టేది మన ఎడమ చెయ్యి.

"పెద్ద వంపు తిప్పితే రాపిడి తగ్గదా తాతా?" అన్నాడు. మంచి ప్రశ్న. ఆయిలర్ లెక్కలో వంపు పెద్దదా చిన్నదా అన్నది లేనే లేదు! మొత్తం ఎన్ని డిగ్రీలు తిరిగిందన్నదే ఉంది. సన్న గుంజకు చుట్టినా లావు గుంజకు చుట్టినా చుట్టు చుట్టే. ఇది మొదటిసారి చదివినప్పుడు నేనూ నమ్మలేదు. నిజం కేబుల్‌లో మాత్రం మరీ చిన్న వంపయితే తొడుగు నలిగి, తీగ బిగుసుకుని, ఇంకో బాధ మొదలవుతుంది. అది వేరే పద్దు.

కేబుల్‌ను గొట్టంలో పెట్టి గెలిచినవాళ్ళు లేకపోలేదు. అమెరికా హార్లే-డేవిడ్‌సన్ బళ్ళకు 1970ల మొదటి దాకా యాక్సిలేటర్ తీగ హ్యాండిల్ లోపలే ఉండేది. పిడి లోపల మెలికల గాడి ఉంటుంది. పిడి తిప్పితే అందులోని చిన్న ముక్క గొట్టం పొడవునా ముందుకూ వెనక్కూ జరిగి తీగను నడిపిస్తుంది. కానీ వాళ్ళు గొట్టాన్నే దానికోసం చేశారు. మనం ముందే చేసి ఉన్న గొట్టానికి బొక్క పెడుతున్నాం. తేడా ఉంది. క్లచ్, యాక్సిలేటర్, బ్రేకు బయటే ఉండాలని తేలింది. కరెంటు వైర్లే లోపలికి. కరెంటుకు మలుపుల లెక్క లేదు. ఎన్ని వంకరలు తిరిగినా వడ్డీ అడగదు.

ఇప్పుడు తలుపు. అంటే బొక్క.

మన బజారులో బట్టల కొట్టు సేటు కత్తెర అంచుతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టుకుని చర్రున చింపుతాడు చూడండి. గాటు లేకుండా ఆ గుడ్డను పహిల్వాను కూడా చింపలేడు. సాగుతున్న వస్తువులో బొక్క పడితే, అక్కడి దారాలు మోయాల్సిన బరువు పక్కవాళ్ళ మీద పడుతుంది. 1898లో కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు లెక్క వేసి చెప్పాడు: సాగుతున్న రేకులో చిన్న గుండ్రటి బొక్క పెడితే దాని పక్క అంచుల దగ్గర ఒత్తిడి మూడు రెట్లవుతుంది. బొక్క ఎంత చిన్నదైనా మూడు రెట్లే. పదిహేనేళ్ళ తర్వాత ఇంగ్లండులో ఇంగ్లిస్ కోలబొక్క లెక్క తీశాడు. కోలగా, సాగే దిక్కుకే పొడవుగా, పొడవు వెడల్పుకు రెట్టింపు ఉండేలా పెడితే ఒత్తిడి మూడు రెట్లు కాదు, రెండే. అదే కోలను అడ్డంగా పెడితే ఐదు రెట్లు!

అందుకని మనవడు గీసిన గుండ్రటి గుర్తును నేను చెరిపేశాను. గొట్టం పొడవునా పక్కపక్కనే రెండు చిన్న బొక్కలు వేసి, మధ్య గోడను ఆకురాయితో తీసేసి, ఒక్క కోలబొక్క చేయమన్నాను. దీంతో ఇంకో లాభం: వైరు నిటారుగా గుచ్చుకోకుండా వాలుగా జారుతుంది. ఆకురాయి పని అయ్యాక అంచుల మీద వేలు తిప్పి చూడమన్నాను, లోపలి అంచు కూడా. వేలికి గీసుకునేది వైరుకూ గీసుకుంటుంది. బుల్లెట్ ఒంటి సిలిండరు బండి. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగితే సెకనుకు 50 వణుకులు, గంటకు 1,80,000. పదునైన అంచు మీద ఒక వైరు గంటకు అన్ని సార్లు ఒరుసుకుంటే ఏమవుతుంది? తొడుగు పోతుంది, రాగి బయటపడుతుంది. గొట్టమేమో బ్యాటరీ నెగెటివ్‌కు కలిసే ఉంటుంది. రాగి దానికి తాకగానే షార్ట్. ఫ్యూజు ఉంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే పొగ వస్తుంది. అదీ ఏ పిట్లం రోడ్డు మీదో రాత్రి పూట. అందుకే బొక్కకు రబ్బరు బుష్ తప్పనిసరి. బుష్‌లు మూడు తెచ్చాడు. బల్ల మీద పెట్టాడు. అవి బల్ల మీద పెట్టాడని గుర్తుంచుకోండి.

బొక్క ఎక్కడ? చెట్టుకొమ్మ కొసన పిల్లలు ఊగుతారు, కొమ్మ మాత్రం మొదట్లో విరుగుతుంది. హ్యాండిల్ కూడా అంతే. కొసన మన చేతుల బరువు, మొదలు బిగింపు దగ్గర. బిగింపు అంచు పక్కన బొక్క వేస్తే, విరగడానికి ముహూర్తం పెట్టినట్టే. స్విచ్ పెట్టె కింద వేస్తే పిడికి దగ్గర కాబట్టి అక్కడ వంపు బలం తక్కువ. బయటికొచ్చే బొక్క రెండు బిగింపుల నడుమ, అడుగు వైపు. అక్కడైతే బిగింపులే రెండు పక్కలా పట్టుకుని ఉంటాయి, వాననీళ్ళు చేరినా అందులోంచే కారిపోతాయి. క్రోమ్ తళతళ పైకే. లోపల ఉత్త ఇనుము.

వేరే వెడల్పు హ్యాండిల్ వేస్తానని కూడా ఒక మాట అన్నాడు. రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చొద్దని 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఒకటి ఉందిరా, చదువుకోపో అన్నాను. చదివి వచ్చి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

వైరు ఎలాంటిది కొనాలన్న దాని మీద కాసేపు. ఇంట్లో మిగిలిన గట్టి తీగ ఒకటి తెచ్చాడు, ఒంటి రాగి కడ్డీ లాంటిది. దాన్ని తీసుకుని నాలుగుసార్లు ఇటూ అటూ వంచాను, పుటుక్కుమంది. బైండింగ్ తీగను అందరం అట్లాగే తెంపుతాం, కత్తెర లేనప్పుడు. వంచినప్పుడు తీగ పైపొర ఎంత సాగుతుందన్నది దాని లావు మీద ఉంటుంది. సగం చదరపు మిల్లీమీటరు ఒంటి తీగ లావు 0.8 మిల్లీమీటరు. అంతే రాగిని 0.2 మిల్లీమీటరు పోగులు పదహారుగా చేస్తే, ఒక్కో పోగు సాగేది నాలుగో వంతే. బండి వైర్ల చుట్ట మీద 16/0.2 అని రాసి ఉండేది అదే. ముంజేతి లావు మోకు మెలి తిరుగుతుంది, అదే లావు కర్ర విరుగుతుంది. గొట్టం లోపల వైర్లు కదలవు గానీ, మధ్య బొక్కలోంచి బయటికొచ్చి డూమ్‌లోకి పోయే జానెడు మేర హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ వంగుతుంది. అక్కడ కొంచెం వదులు ఉంచాలి. హ్యాండిల్ ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి చూసుకోవాలి.

"హెడ్‌లైటుకు 60 వాట్లు, 12 వోల్టులు. 5 ఆంపియర్లు పోతాయి. ఇంత సన్న వైరు ఆగుతదా?" అని నేను అడిగితే, అప్పుడు వాడు నాకు మేష్టారయ్యాడు. స్విచ్ నుంచి పోయేది కబురు మాత్రమేనట. సన్న వైరులో చిన్న కరెంటు పోయి డూమ్ దగ్గరున్న రిలేను తడుతుంది, పెద్ద కరెంటును రిలే వదులుతుంది. నిజమే, సింగూరు డ్యాము గేట్లెత్తే మనిషి చేతులతో మంజీర నదిని ఆపడు కదా, బటన్ నొక్కుతాడు. ఈ కాలం బళ్ళలో కబురు కూడా కుదించారట. బాష్ కంపెనీ 1986లో క్యాన్ అనే పద్ధతిని ప్రకటించింది. ఎనిమిది స్విచ్‌ల కబుర్లూ రెండే వైర్ల మీద వంతులవారీగా పోతాయి. హిమాలయన్ 450 బండికి యాక్సిలేటర్ కేబులే లేదు, పిడి ఎంత తిరిగిందో సెన్సరు చెబుతుంది అన్నాడు. చక్రవడ్డీ మొత్తం మాఫీ.

ఇక వైరు లోపలికి పంపడం. గట్టి తీగతో గుచ్చి చూశాడు, మొదటి వంపు దగ్గరే మొరాయించింది. నేను నవ్వి, "నాడా ఎక్కించడం వచ్చా నీకు?" అని అడిగాను. ఎలాస్టిక్ కాలం పిల్లాడు, రాదు. మా ఆవిడ పాత లంగా ఒకటి తెచ్చి, నాడా కొసకు పిన్నీసు గుచ్చి, గుడ్డ మడతలోంచి పిన్నీసును వేళ్ళతో జరుపుకుంటూ రెండు నిమిషాల్లో అవతల తీసింది. గుడ్డ మెత్తన కాబట్టి పైనుంచి జరపొచ్చు. ఇనుప గొట్టం పైనుంచి వేళ్ళు పనిచెయ్యవు. అప్పుడు గాలినే పిన్నీసు చేసుకోవాలి.

హ్యాండిల్ విప్పి భుజాన వేసుకుని పంచరు షాపుకు పోయాం. సన్న నైలాను దారం కొసకు పాలిథీన్ కవరు ముక్క చిన్నది కట్టాం, గాలిపటం తోకలా. స్విచ్ బొక్కలోంచి ఆ ముక్కను లోపలికి తోసి, హ్యాండిల్ కొసను గుడ్డతో మూసి, గాలి గొట్టం పెట్టి ఒక్కసారి వదిలారు. ఫుస్సుమని మధ్య బొక్కలోంచి పాలిథీన్ ముక్క ఎగిరొచ్చి పంచరు భాయ్ గడ్డానికి అతుక్కుంది. గాలికి వంపుల జ్ఞానం అక్కర్లేదు, ఎటు తక్కువ ఒత్తిడుంటే అటే పోతుంది. రెండో పక్క కూడా అట్లాగే. భాయ్ డబ్బులు తీసుకోలేదు, "గిది కొత్త పంచరు" అన్నాడు.

ఇంటికొచ్చి సన్న దారానికి గట్టి దారం, గట్టి దారానికి వైర్లు. వైర్ల కొసలన్నీ ఒకే చోట కట్టితే ముడి లావై ఇరుక్కుంటుంది. ఒకదాని వెనక ఒకటి మెట్లు మెట్లుగా పెట్టి టేపు చుట్టాలి, పాము తలలా సన్నగా మొదలవ్వాలి. సబ్బు నీళ్ళు వాడదామన్నాడు. లోపల తుప్పు పడుతుందని నేను ఒప్పుకోలేదు. మా ఆవిడ పౌడరు డబ్బా సగం ఖాళీ అయింది. దాని గురించి ఇంకా మాట్లాడుతూనే ఉంది. వాడు లాగుతుంటే నేను అవతల నుంచి అందించాను. లాగడం ఒక్కటే అయితే తెగుతుంది, తొయ్యడం ఒక్కటే అయితే మడతపడుతుంది.

వైర్లతోపాటు ఇంకో దారం ఖాళీగా లోపలే ఉండనివ్వమన్నాను. రెండు కొసలా ముడి వేసి, బొక్క దగ్గర టేపుతో అంటించి. "ఎందుకు తాతా, పని అయిపోయింది కదా?" అన్నాడు. వాణ్ణి చిన్నప్పుడు బీదర్ తీసుకుపోయాను, అది గుర్తుచేశాను. నౌబాదు దగ్గర బహమనీల కాలం నాటి కరేజ్ ఉంది. నేల అడుగున సొరంగంలా తవ్విన నీటి కాలువ. నీళ్ళు కంటికి కనబడవు, ఎండకు ఆవిరి కావు. అయితే కాలువ పొడవునా దూరం దూరంగా పైకి బావుల్లాంటి బొక్కలు వదిలారు. గాలికోసం, వెలుతురుకోసం, పూడిక తీసే మనిషి దిగడానికి. ఐదారు వందల ఏళ్ళ కిందటి మిస్త్రీలు నీళ్ళను దాచేటప్పుడే దిగడానికి తోవ కూడా పెట్టుకున్నారు. నా స్కూటరు విప్పిన చోటూకు అది తెలియదు పాపం.

సాయంత్రానికి హ్యాండిల్ బండి మీద ఎక్కింది. వాడు వైర్ల కొసలకు పిన్నులు టంకం పెట్టి, ప్లాస్టిక్ కప్లర్లలో టక్కు టక్కుమని దూర్చాడు. డూమ్ మూశాడు. తాళం తిప్పి హారన్ నొక్కితే హారనే మోగింది. కుడి ఇండికేటర్ వేస్తే కుడిదే వెలిగింది. ఇది చిన్న సంగతేమీ కాదు. వాకిట్లో పిల్లలు చేరారు. దూరం నుంచి చూస్తే నిజంగానే హ్యాండిల్ నున్నగా, ఇప్పుడే క్షవరం చేయించుకున్న మొహంలా ఉంది.

వాడు ఫోటో తీసుకోవడానికి ఫోను కోసం బల్ల దగ్గరికి పోయి, అక్కడే నిలబడిపోయాడు.

"ఏమైందిరా?"

మాట్లాడలేదు. అరచేయి తెరిచి చూపించాడు. మూడు రబ్బరు బుష్‌లు. కప్లర్లు పెట్టక ముందే వైరుకు తొడగాల్సినవి. ఇప్పుడు తొడగాలంటే కప్లర్లు తెంచాలి, వైర్లు వెనక్కి లాగాలి, మొత్తం మొదటి నుంచి.

కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత వాడే వంగి, స్విచ్ బొక్క దగ్గర టేపు పీకి, లోపల వదిలిన దారం కొసను వేలికి చుట్టుకుని, అవతలి కొస కదులుతోందో లేదో నన్ను చూడమన్నాడు.


కదిలింది.